అర్హత లేదు

హన్మకొండ కోర్టు గోడ పక్కన
ఆరడుగుల రేకుల షాపుల
నా కంప్యూటర్‌కు పదిహేనేండ్లు.
రోజూ పొద్దున కండ్లు తెరిచి
ఇవ్వాళ రెండువేల తొమ్మిది, జనవరి ఒకటి అనుకుంటది.
లోపలి బిళ్ల బ్యాటరీ ఎప్పుడో చచ్చింది.
తేదీ దిద్దుడు మరిచిన ఒకనాడు
కాజీపేట ఆయన
బిడ్డ పుట్టకముందే
బిడ్డ స్కాలర్‌షిప్‌కు అర్జీ పెట్టుకున్నట్టు అచ్చయింది.
ఆఫీసుల నవ్వి వాపసు పంపిండ్రు.
నవ్వు వాళ్లది, కాగితం ఖర్చు నాది.

ఇప్పుడైతే ఏ సైటూ తెరుచుకోదు,
తాళం మార్చిన ఇంటి ముందు
పాత చెవి పట్టుకొని నిలబడ్డట్టుంటది.

మొగిలి వచ్చిండు, పెన్‌డ్రైవ్ అంగి జేబులేసుకొని.
డబ్బా మూత తీస్తే
ఎనుమాముల యార్డుల మిర్చి బస్తా విప్పినట్టు
ఇద్దరం తుమ్మినం.
ర్యామ్ ముక్క పీకి
బడిపిల్లల రబ్బరుతోని
దాని బంగారు పండ్లు తోమిండు.
ఫ్యాన్‌కు కుట్టుమిషన్ నూనె, ఒక్క చుక్క.
కొత్త బిళ్ల ఇరవై రూపాయలన్నడు.
ఇరవై రూపాయలకా
ఇన్నేండ్లు నేను పొద్దుపొద్దున కాలాన్ని దిద్దింది!

నీలం తెర వచ్చింది.
కొంచెంసేపు ఏదో ఆలోచించి
తెల్లటి అక్షరాలల్ల చెప్పింది:
ఈ కంప్యూటర్‌కు
కొత్త సిస్టం నడిపే అర్హత లేదు.

ఈ మాట నాకు కొత్తదా?
ఈ మాట మీదనే కదా నా బువ్వ.
వేలిముద్ర పడని వరాలమ్మకు పింఛను అర్హత లేదు.
ఎడ్లబండి కూడ లేని ఐనవోలు కట్టయ్యకు
కారున్నదని ఎవరో రాసిండ్రు, రేషన్ అర్హత లేదు.
గౌరవనీయులైన కలెక్టర్ గారికి, అని మొదలువెట్టి
తమ విధేయురాలు దాకా
గీ మిషన్ మీదనే
గా రెండు పదాలకు జవాబు కొట్టిన.
ఇప్పుడు మిషన్‌కే వచ్చె.
దీని అర్జీ ఎవరికి రాయాలె?

మొగిలి నవ్విండు.
"అడిగే కాడ నిలబడితే అడుగుతనే ఉంటదక్కా.
పక్క నుంచి తొవ్వ ఉన్నది."
నల్ల పెట్టెల ఏవో నాలుగు పేర్లు కొట్టి
ఒక్కొక్కదాని పక్కన ఒకటి అంకె వేసిండు.
అడుగుడు బంద్ చేసింది.

నాకు సంతోషం కాలేదు, నిజం చెప్తున్న.
కోపమొచ్చింది.
ఒక్క అంకెకు పోయే మాటనా అది?
వరాలమ్మ ఎన్నిసార్లు బస్సెక్కింది!

ముప్పై నాలుగు శాతం దగ్గర ఆగింది.
చాయ్ తాగినం. ముప్పై నాలుగే.
"కరెంటు పోతే?" అన్న.
"పోనియ్యకు" అన్నడు మొగిలి,
సబ్‌స్టేషన్ నా కొంగుల ఉన్నట్టు.
బల్ల మీద కూసున్న కొత్తవాడ జంపఖానాల ఓదెలు
బీమా కాగితం మడతబెట్టి విప్పి మడతబెట్టి
ఉన్నట్టుండి అన్నడు,
"మా తాత గుంతమగ్గం మీద
మొన్న నేను విమానం బొమ్మ నేసిన.
మగ్గం ఏమనలే. తెగినకాడ ముడేసుకున్న."

చీకటి పడంగ తెర వెలిగింది.
మూలకు ఇవ్వాల్టి తేదీ,
ఎవరూ చెప్పకుండనే, సరిగ్గ.
పదిహేనేండ్ల అర్జీల ఫోల్డర్ తెరిచిన.
గీతలు, చుక్కలు, డాలర్ గుర్తులు.
వరాలమ్మ ఊరు ధర్మసాగర్
ఒక ఆశ్చర్యార్థకమై కూసున్నది.
"పాత ఫాంట్ దీంట్ల ఎక్కదక్కా" అని
మొగిలి బండి స్టార్ట్ చేసుకున్నడు.

గోనె సంచిల నుంచి అచ్చు కాపీ తీసి
మళ్లా మొదటి నుంచి కొడుతున్న.
వ, అని నొక్కితే
ఒక్క గడియ ఆగి
వ, వస్తది.
వరాలమ్మ గూడ అంతే,
పేరేందని అడిగితే
ఆగి చెప్తది.

"అక్కా, మరి నాది?" అంటున్నడు ఓదెలు.